త్రిసత్రముల నుండి అమరాపురము వరకు: ఇటలీ యాత్రికుల బసను గూర్చి ఒక సంఘ చరిత్ర పరిశీలన

ఉపోద్ఘాతము

మన తెలుగు సంఘముల నుండి యెరూషలేము యాత్రకు వెళ్లే విశ్వాసులలో కొందరు తిరుగు ప్రయాణములో ఇటలీని కూడా చూసి రావాలని ఆశపడుతున్నారు. పౌలు సంకెళ్లతో నడిచిన అప్పియా రహదారిని, రోమాలో ఆదిమ విశ్వాసులు తమ మృతులను పాతిపెట్టిన భూగర్భ సమాధులను కన్నులారా చూడాలనే కోరిక సహజమైనదే. అయితే విమానపు టిక్కెట్టు తరువాత వారిని భయపెట్టేది అక్కడి గది అద్దె. మా అమరాపురము సంఘములోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆయన భార్య ఇదే సంగతి మా యొద్దకు తెచ్చారు. "అయ్యగారూ, ఇటలీలో తక్కువ ఖర్చుతో ఉండేదానికి ఏదైనా చోటు ఉందేమో కనుక్కోండి" అన్నారు.

మేము విచారించగా అక్కడ సన్యాసినుల మఠములు, యాత్రికుల గృహములు, వాల్డెన్సియను సంఘపు అతిథి గృహములు హోటళ్ల కంటె తక్కువ ధరకు గదులిస్తాయని తెలిసింది. ఆ మాట చెప్పినప్పుడు ఆయన సంతోషించి ఊరుకోలేదు. ఒక ప్రశ్న అడిగారు: "అంత తక్కువకు ఇస్తే వాళ్లకెట్ల గిట్టుతుందయ్యగారూ?"

ఆ ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఈ వ్యాసము ఆ ప్రశ్న నుండి పుట్టినదే. ప్రయాణికునికి చవకగా దొరికిన పడక వెనుక ఆ ఖర్చును భరించినవారు ఎవరో ఒకరు ఉంటారు. ఇటలీలో ఆ భారమును ఎవరెవరు మోశారు, ఎందుకు మోశారు, ఎప్పుడు దించివేశారు అని చూచి, పిమ్మట మన ప్రాంతపు సత్రముల వైపు, మన సంఘముల వైపు చూడాలని మా ఉద్దేశ్యము.

1. ఇటలీలో పౌలు బస

అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయమును బస అనే దృష్టితో చదివితే ఎన్నో వివరములు కనిపిస్తాయి. మెలితే ద్వీపములో పొప్లి అనే ముఖ్యుడు ఓడ పగిలినవారిని మూడు దినములు చేర్చుకొన్నాడు. ఓడ ఇటలీ తీరమున పొతియొలీకి చేరినప్పుడు అక్కడి సహోదరులు వేడుకొనగా పౌలు ఏడు దినములు వారి యొద్ద ఉన్నాడు. ఆయన ఖైదీ, వెంట శతాధిపతి ఉన్నాడు. అట్టివానిని పేరు చెప్పని ఆ సహోదరులు వారము దినములు ఉంచుకొన్నారు. ఆ ఖర్చు వారిదే.

అక్కడి నుండి రోమాకు వెళ్లు మార్గములో అప్పీయా సంతపేట, త్రిసత్రములు అనే రెండు స్థలముల పేర్లు వస్తాయి. మొదటిది రోమాకు సుమారు 64 కిలోమీటర్ల దూరములోను, రెండవది సుమారు 49 కిలోమీటర్ల దూరములోను ఉండేవి. మన తెలుగు అనువాదకులు రెండవదానికి 'త్రిసత్రములు' అని పేరు పెట్టడము ఎంతో సొగసైనది. కాని చదువరి ఒక తేడాను గమనించాలి. మన సత్రము ధర్మార్థము కట్టినది. రోమా రహదారి ప్రక్కన ఉన్నవి డబ్బు తీసికొని తిండి, పడక ఇచ్చే అంగళ్లు. వాటికి మంచి పేరు లేదు. పౌలుకు సుమారు వంద సంవత్సరముల ముందు అదే దారిన ప్రయాణించిన లతీను కవి హోరేసు, అప్పీయా సంతపేటలో మోసగాళ్లైన పూటకూళ్లవారిని, చెడ్డ నీళ్లను, దోమలను, కప్పలను గూర్చి తన కవితలో వాపోయాడు. అటువంటి చోటికి రోమా సహోదరులు ఒక పగలంతా, కొందరు అంతకంటె ఎక్కువ నడిచి వచ్చి పౌలును ఎదుర్కొన్నారు. వారిని చూచి ఆయన ధైర్యము తెచ్చుకొన్నాడని లూకా వ్రాశాడు.

రోమాకు చేరిన తరువాత పౌలు రెండు సంవత్సరములు అద్దె ఇంటిలో ఉన్నాడు (అపొ. కార్యములు 28:30). అనగా కొన్ని దినములైతే సహోదరుల ఇల్లు, దీర్ఘకాలమైతే తన అద్దె. ఈ భేదమును మనము మరువకూడదు.

ఇంకొక సంగతి. ఇటలీ నుండి వచ్చి పౌలుకు బస ఇచ్చినవారు అకుల, ప్రిస్కిల్ల. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా నుండి వెళ్లగొట్టినందున వారు కొరింథుకు వచ్చి డేరాలు కుట్టుకొంటూ బ్రతుకుతున్నారు (18:2-3). తమ ఇంటిని పోగొట్టుకొన్నవారే పరదేశికి ఇల్లు తెరిచారు. రోమా పత్రిక 16వ అధ్యాయము నాటికి వారి ఇంట సంఘము కూడుకొంటున్నది.

2. దిదాఖే: ఆతిథ్యమునకు హద్దులు

మొదటి శతాబ్దపు చివరనో రెండవ శతాబ్దపు మొదటనో కూర్చబడిన 'దిదాఖే' (పన్నెండుమంది అపొస్తలుల బోధ) అనే చిన్న గ్రంథము చాలా కాలము కనుమరుగై, 1873లో ఫిలోతెయొస్ బ్రియెన్నియోస్ కంటబడి 1883లో ముద్రించబడింది. సంచారము చేసే బోధకులకు బస ఇచ్చుటను గూర్చి దానిలో స్పష్టమైన నియమములు ఉన్నాయి. వచ్చిన అపొస్తలుని ప్రభువును వలె చేర్చుకోవాలి. అతడు ఒక దినము ఉండవచ్చును. అవసరమైతే రెండవ దినము. మూడవ దినము కూడ ఉంటే అతడు అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు తరువాతి బసకు చాలినంత రొట్టె తప్ప ఏమియు తీసికొనకూడదు. డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్తయే. సామాన్య ప్రయాణికుడు రెండు మూడు దినములు ఉండవచ్చును; ఆ ఊరనే ఉండిపోదలిస్తే పని చేసుకొని తినాలి.

ఈ నియమములు ఎందుకు అవసరమైనవి? సంఘములు ఇచ్చుచున్నవి గనుక, కొందరు వాడుకొనుచున్నారు గనుక. ఖర్చును మోయుచున్నవారు బీద విశ్వాసులు. వారిని కాపాడుటకే హద్దు గీయబడింది. మరొక ప్రక్క 3 యోహాను పత్రికలో దియొత్రెఫే సహోదరులను చేర్చుకొనక, చేర్చుకొనువారిని కూడ ఆటంకపరచి సంఘము నుండి వెలివేస్తున్నాడు. అతిథి అతిగా వాడుకొనుట, గృహస్థుడు తలుపు మూయుట అనే ఈ రెండు తప్పులు ఆదిమ సంఘము నాటి నుండి ఉన్నవే.

3. ఫబియోల నుండి బెనెడిక్టు వరకు

నాల్గవ శతాబ్దములో సంఘమునకు స్వేచ్ఛ కలిగి, యాత్రికులు పెరిగినప్పుడు ఇండ్లు చాలలేదు. రోమా నగరపు ఓడరేవైన పోర్టుసులో పరదేశుల కొరకు ఒక వసతి గృహము వెలసింది. దానిని కట్టినవారు ఇద్దరు. ఫబియోల గొప్ప వంశపు స్త్రీ. దుర్మార్గుడైన భర్తను విడిచి మరియొకని పెండ్లాడినందుకు బహిరంగముగా పశ్చాత్తాపపడి, ఆస్తి అమ్మి రోగుల కొరకు రోమాలో వైద్యశాల పెట్టింది. పమ్మాకియుసు సెనేటు సభ్యుడు. భార్య చనిపోయిన తరువాత తన సంపదను బీదలకు వెచ్చించాడు. ఫబియోల 399లో మరణించగా జెరోము వ్రాసిన లేఖ వలన ఈ సంగతులు మనకు తెలుస్తున్నాయి. ఓడ దిగిన పరదేశి ఆ గృహములో ఉచితముగా పడుకొన్నాడంటే, ఒక స్త్రీ అమ్ముకొన్న ఆస్తి దాని వెనుక ఉన్నది.

ఆరవ శతాబ్దములో మోంటే కాసినో మఠమును స్థాపించిన బెనెడిక్టు, తన నియమావళి 53వ అధ్యాయములో వచ్చిన అతిథులందరిని క్రీస్తుగా చేర్చుకోవాలని మత్తయి 25:35 ఆధారముగా ఆజ్ఞాపించాడు. అదే అధ్యాయములో ఒక సూక్ష్మమైన మాట ఉన్నది. బీదలను, యాత్రికులను ఎక్కువ శ్రద్ధతో చేర్చుకోవాలి. ధనవంతుల విషయములోనైతే వారి భయమే వారికి గౌరవము తెచ్చిపెడుతుంది అని దాని భావము. వేళ కాని వేళ వచ్చే అతిథుల వలన మఠవాసులకు ఇబ్బంది కలుగకుండ అతిథులకు ప్రత్యేకమైన వంటిల్లు ఉండాలని కూడ ఆయన ఏర్పాటు చేశాడు. భక్తి, ఏర్పాటు రెండూ కలిసి ఉన్నందుననే ఆ ఆతిథ్యము శతాబ్దములు నిలిచింది.

దూర దేశముల నుండి నడచి వచ్చేవారికి దారి పొడవునా బసలు కావలసి వచ్చాయి. 990లో కాంటర్బరీ ఆర్చిబిషప్పు సిగెరిక్ రోమా నుండి తిరిగి వెళ్లిన దారిలో 79 మజిలీల పేర్లు వ్రాయబడి నేటికీ నిలిచి ఉన్నాయి. నేడు 'వియా ఫ్రాంచిజెనా' అని పిలువబడే యాత్రామార్గమునకు అదే ఆధారము. ఆ దారిలో ఆల్తోపాస్చో అనే ఊరి వసతి గృహమువారు, చీకటిలో అడవులలో, బురద నేలలలో దారి తప్పినవారు శబ్దమును బట్టి వచ్చుటకు సాయంకాలమున గంట మ్రోగించేవారు. మన మందిరపు గంట కూడ కూడినవారి కొరకే కాక తప్పిపోయినవారి కొరకు మ్రోగగలదని ఆ ఊరు మనకు నేర్పుతున్నది.

4. 1300 జూబిలీ: పడక ధర

పోపు ఎనిమిదవ బోనిఫాసు 1300 ఫిబ్రవరి 22న జూబిలీ సంవత్సరమును ప్రకటించాడు. పాపశిక్షల క్షమాపణ పొందుటకు రోమా వాసులు 30 దినములు, బయటి నుండి వచ్చినవారు 15 దినములు పేతురు, పౌలుల బసిలికాలను దర్శించాలని నిబంధన పెట్టాడు. దీని వేదాంతమును మనము అంగీకరించము. అయితే దాని ఆర్థిక ఫలితమును గమనించండి. వచ్చిన ప్రతివాడును పదిహేను దినములు ఆ నగరములో ఉండితీరాలి. ఏకకాలములో రెండు లక్షలమంది యాత్రికులు నగరములో ఉన్నారని చరిత్రకారుడు విల్లాని వ్రాశాడు. ఆ అంకె ఉజ్జాయింపే కావచ్చును గాని జనసమూహము చాలా గొప్పది. ఆస్తి పట్టణస్థుడు గులియెల్మో వెంతూరా తన వృత్తాంతములో రొట్టె, ద్రాక్షారసము, మాంసము, చేపలు చవకగా దొరికినవనియు, గుర్రపు గడ్డి, బస మాత్రము మిక్కిలి ప్రియమనియు వ్రాసుకొన్నాడు. క్షమాపణ పేరిట జనులను పిలిచినవారు వారికి పడకలు సిద్ధపరచలేదు. యాత్రికుని అవసరము ఇతరులకు లాభమైంది.

ఈ లోటును తీర్చుటకు ప్రయత్నించినవారును ఉన్నారు. 1548లో ఫిలిప్ నేరి రోమాలో త్రిత్వము పేరిట ఒక సహోదర సమాజమును ఏర్పరచాడు. 1550 జూబిలీ నాటికి వారు బీద యాత్రికులకు బస, భోజనము ఇవ్వనారంభించారు. 1575 జూబిలీలో గొప్ప కుటుంబములవారు, సంఘాధికారులు సహా అక్కడికి వచ్చి యాత్రికుల పాదములు కడిగారు. తొలినాళ్లలో వారికి సొంత భవనము కూడ లేదు. అద్దె ఇండ్లతోనే పని మొదలుపెట్టారు.

5. సంస్కరణోద్యమము: మఠము నుండి కాపురమునకు

మార్టిన్ లూథరు 1510-11లో తన అగస్టీనియను సన్యాస సంఘపు పని మీద జర్మనీ నుండి రోమాకు వెళ్లాడు. రోమాలో చూచిన అనేక సంగతులను ఆయన తరువాత నిందించాడు. కాని ఇటలీలోని ఆసుపత్రుల శుభ్రతను, అక్కడ పరదేశులకును రోగులకును జరిగే సేవను భోజనపు బల్ల యొద్ద మెచ్చుకొన్నట్లు ఆయన శిష్యులు వ్రాసియుంచారు. దోషమును ఖండించినవాడు మేలును దాచలేదు. మన ప్రసంగములలో ఈ న్యాయబుద్ధి ఉండాలి.

సంస్కరణ ప్రాంతములలో మఠములు మూతపడినప్పుడు ప్రయాణికుల బస ఎవరి బాధ్యత అనే ప్రశ్న వచ్చింది. విట్టెన్‌బర్గులో దానికి దొరికిన ఒక జవాబు లూథరు ఇల్లే. 1525లో ఆయన కాథరీన్ వాన్ బోరాను వివాహము చేసికొన్న తరువాత, పాత అగస్టీనియను మఠమే వారి కాపురమైంది. విద్యార్థులు, పారిపోయి వచ్చిన బోధకులు, బంధువులు, యాత్రికులు ఆ ఇంట ఉండేవారు. తోట, పశువులు, వంట, లెక్కలు అన్నీ కాథరీన్ చూచుకొన్నది. ఆమె కష్టము లేనిచో ఆ బల్ల యొద్ద మాట్లాడుటకు లూథరుకు శ్రోతలు కూర్చుండేవారు కారు. మన పాస్టరుల ఇండ్లలో నేటికీ ఆతిథ్యపు బరువు అమ్మగారి మీదనే పడుతున్నదని, ఆమెకు సంఘము దానికై ఏమియు ఇచ్చుట లేదని మనకు తెలిసినదే.

ఇటలీలోనే ఉన్న సంస్కరణ సంఘము వాల్డెన్సియనులది. శతాబ్దముల హింస తరువాత 1848 ఫిబ్రవరి 17న పీడ్‌మాంట్ రాజు చార్లెస్ ఆల్బర్టు వారికి పౌరహక్కులు ఇచ్చాడు. తమ స్వంత దేశములో నిలువ చోటు లేక కొండలోయలలో దాగిన ఆ ప్రజలు నేడు టోర్రె పెల్లిచెలోను, వెనిసులోను ఇతర పట్టణములలోను ఇతరులకు గదులిచ్చే అతిథి గృహములను నడుపుచున్నారు. ఐగుప్తులో పరదేశులైనవారు పరదేశిని ప్రేమించాలి అనే ద్వితీయోపదేశకాండము 10:19 బోధ వారి చరిత్రలో అక్షరాల కనబడుతున్నది.

6. నేటి ఇటలీ: ఆతిథ్యమా, వ్యాపారమా?

ఇక మా ఉపాధ్యాయుని ప్రశ్నకు వస్తాము. నేడు ఇటలీ మఠములలో గదులు చవకగా దొరకుటకు కారణము కొంత పాత ఆతిథ్య సంప్రదాయము, కొంత సన్యాసినుల సంఖ్య తగ్గి పెద్ద భవనములు ఖాళీ అగుట. ఆ భవనముల మరమ్మతునకు, వృద్ధ సన్యాసినుల పోషణకు గదుల అద్దె ఆధారమైంది. గది సాదాగా ఉంటుంది. అనేక చోట్ల రాత్రి ఒక వేళకు తలుపు మూస్తారు. కొన్నింటిలో స్నానపు గది ఉమ్మడిగా ఉంటుంది. ఏ సంఘమువారైనను ఉండవచ్చును. నగర పాలక సంస్థ విధించే బస పన్ను వేరుగా చెల్లించవలసి రావచ్చును. ఈస్టరు దినములలో ధరలు పెరుగుతాయి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు, క్రిస్మసు దినములు తప్ప, సాధారణముగా తక్కువ. కొన్ని నెలల ముందే వ్రాసి గది ఖాయపరచుకొనుట మంచిది. వియా ఫ్రాంచిజెనా మీద కాలినడకన వెళ్లేవారికి, యాత్రికుల గుర్తింపు పుస్తకము చూపితే, తోచినంత కానుక తీసికొని పడక ఇచ్చే గృహములు కూడ ఉన్నాయి.

అయితే ఇందులో ఒక వివాదమును దాచకూడదు. ధర్మసంస్థల భవనములకు ఇటలీ ప్రభుత్వము ఆస్తి పన్నులో మినహాయింపు ఇచ్చింది. హోటలు వలె నడిచే మఠములకు కూడ అది వర్తించుట అన్యాయమని ఫిర్యాదులు వచ్చాయి. 2006 నుండి 2011 వరకు ఇచ్చిన మినహాయింపు చట్టవిరుద్ధమైన ప్రభుత్వ సహాయమని ఐరోపా కమిషను 2012 డిసెంబరులో నిర్ణయించింది గాని, దానిని తిరిగి వసూలు చేయమని కోరలేదు. 2018 నవంబరు 6న ఐరోపా న్యాయస్థానము ఆ రెండవ భాగమును కొట్టివేసింది. 2023 మార్చిలో కమిషను వసూలు చేయవలెనని ఆదేశించింది. ఈ మధ్యలో, 2015 సెప్టెంబరులో, పోపు ఫ్రాన్సిసు ప్రతి విచారణ సంఘము, ప్రతి మఠము ఒక శరణార్థి కుటుంబమును చేర్చుకోవాలని పిలుపునిచ్చాడు. హోటలుగా నడిచే మఠము ఇతరుల వలె పన్ను కట్టాలని అదే నెలలో అన్నాడు.

కాబట్టి "వాళ్లకెట్ల గిట్టుతుంది?" అను ప్రశ్నకు జవాబు ఒకటి కాదు. కొంత భారమును నాటి దాతలు మోశారు. కొంత సన్యాసినుల శ్రమ మోస్తున్నది. కొన్ని సంవత్సరములు, తెలియకుండనే, ఆ దేశపు పన్ను చెల్లించే పౌరులు కూడ మోశారు. మన విశ్వాసులు అక్కడికి వెళ్లినప్పుడు పరిచర్య పేరు చెప్పి బేరమాడక, అడిగిన ధర చెల్లించి, ఆ ఇంటి వేళలను గౌరవించి రావాలి. దిదాఖే గీసిన హద్దు నేటి యాత్రికునికి కూడ వర్తిస్తుంది.

7. మన ప్రాంతపు సత్రములు

ఇటలీలో చూచిన ఈ సంగతులు మనకు క్రొత్తవి కావు. సిగెరిక్ మజిలీల పట్టికను చదివినప్పుడు మాకు ఏనుగుల వీరాస్వామయ్య గుర్తుకు వచ్చారు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా ఉన్న ఆయన 1830 మేలో బయలుదేరి కాశీకి వెళ్లి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. 1838లో అచ్చైన ఆయన కాశీయాత్ర చరిత్రలో ఏ ఊరిలో దిగవచ్చును, ఎక్కడ నీళ్లున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి అని మజిలీ మజిలీకి వ్రాసిపెట్టారు. వెనుక వచ్చేవారికి ఉపయోగపడాలని వ్రాసిన ఆ వివరములు నేటికీ చదువదగినవి. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళ కాని వేళ వచ్చినవారికి సహా అన్నము పెట్టారు. మన పెనుకొండ బాబయ్య దర్గాకు నేటికీ హిందువులు, ముస్లిములు కలిసి వస్తారు. పుట్టపర్తిలోనైతే ఇటలీ దేశస్థులే మన జిల్లాకు వచ్చి తక్కువ అద్దె గదుల కొరకు వెదకుట మనము చూచినదే. ఇతర మతస్థులు పరదేశికి చేసిన మేలును సంఘ చరిత్రకారుడు చిన్నబుచ్చకూడదు. మంచి సమరయుని కథ చెప్పిన ప్రభువు మనకు ఆ హక్కు ఇవ్వలేదు.

అయినను మన సత్రములలో చాలావాటి తలుపు అందరికీ తెరువబడలేదు. ఏ కులమువారు కట్టించినది ఆ కులమువారికే. మేము వేదాంత కళాశాలలో చదువుచున్న దినములలో సువార్త పని మీద వెళ్లి, ఒక ఊరిలో రాత్రి ఒక సత్రము తలుపు తట్టాము. కావలివాడు కులము అడిగాడు. క్రైస్తవులమన్నాము. "అంతకు ముందు ఏమిటి?" అన్నాడు. ఆ రాత్రి మేము రైలు స్టేషను బల్ల మీద పడుకొన్నాము. ఆ ప్రశ్నను మేము ఎన్నో ప్రసంగములలో చెప్పి ఇతరులను నిందించాము.

తరువాత డాక్టర్ అంబేద్కరు స్మృతులను చదివినప్పుడు మా నిందకు అడ్డు పడింది. విదేశములలో చదివి 1917లో బరోడా సంస్థానపు ఉద్యోగములో చేరిన ఆయనకు ఆ పట్టణములో బస దొరకలేదు. పారసీల వసతి గృహములో పారసీ పేరుతో కొన్ని దినములు ఉన్నాడు. సంగతి తెలిసి కర్రలు పట్టుకొని వచ్చినవారు ఆయనను ఖాళీ చేయించారు. అప్పుడు ఆయన ఇద్దరు స్నేహితులను ఆశ్రయించాడు. ఒకరు హిందువు, తన ఇంట ఉంచుకొంటే పనివారు వెళ్లిపోతారన్నాడు. రెండవవాడు భారతీయ క్రైస్తవుడు. భార్యను అడిగి చెప్పాలన్నాడు. ఆ దంపతులు బ్రాహ్మణ కుటుంబము నుండి క్రైస్తవులైనవారనియు, భార్య పాత ఆచారములను విడువలేదనియు అంబేద్కరుకు తరువాత తెలిసింది. ఆయన ఒక తోటలో గంటల తరబడి కూర్చుండి రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయాడు. క్రైస్తవుని తలుపు కూడ ఆ రాత్రి తెరువబడలేదు.

ఈ సంగతి చదివిన తరువాత మేము మా ఇంటినే పరీక్షించుకొన్నాము. పట్టణము నుండి పెద్ద ప్రసంగీకుడు వస్తే మా ఇంటిలో మంచము, ఉతికిన దుప్పటి, కోడికూర. పల్లె నుండి సైకిలు మీద వచ్చిన సువార్తికునికి వరండాలో చాప. ఇది కులము కాదు, హోదా అని సమర్థించుకొన్నాము. యాకోబు 2వ అధ్యాయము ఆ సమర్థనను ఒప్పుకొనదు. బెనెడిక్టు హెచ్చరించినది కూడ దీనినే. ధనవంతుని ఎవరైనను గౌరవిస్తారు. ఇంటి పరీక్ష బీదవాడు వచ్చినప్పుడే.

ముగింపు

పై పరిశీలన నుండి మేము మూడు సంగతులు నేర్చుకొన్నాము. మొదటిది, చవకైన బస ఎవరో చేసిన త్యాగపు ఫలము గనుక అతిథి దానిని హక్కుగా కాక కృపగా ఎంచాలి. దీర్ఘకాలము ఉండదలిస్తే పౌలు వలె తన అద్దె తాను చెల్లించాలి. రెండవది, ఆ భారము తెలియకుండ ఒక్కరి మీదనే, ముఖ్యముగా పాస్టరుగారి భార్య మీదనే, పడకుండ సంఘము తన లెక్కలలో దానికి చోటు చూపాలి. మూడవది, అతిథి ఎవరు అని అడిగిన క్షణముననే ఆతిథ్యము సగము చచ్చిపోతుంది. దూరదేశపు చరిత్రను, మన సత్రముల చరిత్రను కలిపి చదివితే ఈ మూడవ సంగతియే అన్నిటికంటె బరువైనదిగా మాకు తోచింది.

మా అమరాపురము కర్ణాటక సరిహద్దు ఊరు. వక్కతోటల కూలిపనికి, ఆసుపత్రికి, సంతకు రెండు భాషలవారు వచ్చి పోతుంటారు. ఆఖరి బస్సు తప్పిపోయినవారు రాత్రి ఎక్కడ పడుకొంటున్నారని మేము చాలాకాలము అడుగలేదు. గత సంవత్సరము సంఘపెద్దల కూటములో ఈ సంగతి పెట్టినప్పుడు, మందిరపు ప్రక్కన సామాను పెట్టుకొనే గదిని ఖాళీ చేసి రెండు మంచములు, ఒక కుండ, ఒక దీపము ఉంచుటకు నిర్ణయించాము. దిదాఖే ప్రకారము రెండు రాత్రుల హద్దు పెట్టాము. ఖర్చుకు ప్రతి నెల కానుకలో ఒక భాగము వేరుపరచాము. తలుపు యొద్ద కులము, మతము అడుగరాదని పుస్తకములో వ్రాశాము. ఒక పెద్ద ఆ వాక్యము మీద చాలాసేపు వాదించి, చివరకు తానే మొదటి మంచము ఇచ్చారు.

మా ఉపాధ్యాయ దంపతులు ఇటలీకి వెళ్లి వచ్చారు. అక్కడి యాత్రా స్థలములను గూర్చి చెప్పవలసినది చాలా ఉన్నను, ఆయన మొదట చెప్పినది వేరు. తాము బస చేసిన మఠములో ఒక వృద్ధ సన్యాసిని ఉదయమున తానే రొట్టె తెచ్చి బల్ల మీద పెట్టేదట. "ఆమెకు మా భాష రాదు, మాకు ఆమె భాష రాదు. మేమెవరమని ఒక్కసారీ అడగలేదయ్యగారూ" అన్నారు. ఆ మరుసటి ఆదివారము నుండి మా అతిథి గది తాళపుచెవి ఆయన యొద్దనే ఉన్నది.